నోరు మెదపకూడని కుర్చీ

హార్వెల్, వెర్మాంట్
1998 జనవరి 18, ఆదివారం

చెల్లాయ్ హెస్టర్,

నీ ఉత్తరమూ, దాంతోపాటు బావ పంపిన పేపరు కటింగూ అందాయి. ఎమిల్ బావతో చెప్పు, తన పార్టీవాళ్ళు దేవదూతలనీ అవతలివాళ్ళు దొంగలనీ రుజువు చేయడానికి ఆ ముక్క చాలదు. అవతలి పార్టీ పేపర్లో ఇదే వార్త పేర్లు మాత్రం తిరగేసి అచ్చయి ఉంటుంది. నాకు ఏ పార్టీ లేదు. డెబ్బై దాటాక కొత్తగా చేరే ఓపికా లేదు. కొన్నిసార్లు ఇటు వేశాను, కొన్నిసార్లు అటు వేశాను. ఒకసారి ఇద్దరూ నచ్చక, ఓటు చీటీ కింద ఖాళీ గీత మీద మన పాత ఆవు బటర్‌కప్ పేరు రాసొచ్చాను. అది పాలైనా ఇచ్చింది.

ఇక్కడ మంచు కిటికీ గడప దాకా ఉంది. పొయ్యి ముందు కూర్చుని ఒక పని మీద ఉన్నాను, అది నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. మార్చిలో మొదటి మంగళవారం మన ఊరి సభ కదా. ఊళ్ళోవాళ్ళంతా టౌన్ హాల్లో చేరి, రోడ్లకి ఎంత, బడికి ఎంత అని వాదించుకుని, చేతులెత్తి తేల్చుకుని, మధ్యాహ్నం ఎవరి ఇంటినుంచి వాళ్ళు తెచ్చిన వంటలు పంచుకు తినే సభ. మన తాతల తాతల నాటినుంచీ ఉన్న ఆ సభకి ఈసారి ఎసరు పెట్టారు. వచ్చే ఏడాదినుంచి కూర్చోవడాలూ వాదించడాలూ వద్దట. చీటీలు అచ్చేసి పెడతారట. పొద్దుటినుంచి సాయంత్రం లోపల ఎవరికి తీరినప్పుడు వాళ్ళు వచ్చి, తెరచాటున టిక్కు పెట్టి, పెట్టెలో వేసి పోవడమే. దాన్ని ఇక్కడ ఆస్ట్రేలియా బ్యాలెట్ అంటారు. అక్కడివాళ్ళు కనిపెట్టారట. వాళ్ళకి మార్చిలో ఎండలు, గదిలో కూర్చోబుద్ధి కాదేమో. మనకేమొచ్చింది?

ఈ తీర్మానం తెచ్చింది ఎవరనుకున్నావు? డెల్ఫీన్ లారో. నీతో ఒకే బెంచీలో కూర్చుని నా టోపీలో మంచు కుక్కిన డెల్ఫీనే.

వాషింగ్టన్‌లో వాళ్ళు ఎందుకు పాడయ్యారో నాకు తెలుసు హెస్టర్. కలిసి భోంచేయరు. కెమెరా ముందు తిట్టుకుని ఎవరి కార్లో వాళ్ళు పోతారు. ఇక్కడ పదకొండింటికి నన్ను మూర్ఖుడన్నవాడు పన్నెండింటికి ఉడికించిన బీన్సు గిన్నె నాకే అందించాలి. అందించేటప్పుడు నా మొహం చూడాలి. ఈ దేశంలో ప్రభుత్వం అనేది ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ గిన్నె దగ్గర మిగిలి ఉంది. అది కూడా పోతే నేనిక్కడ ఉత్త పన్ను కట్టేవాణ్ణి, అంతే.

అందుకని ఒక ఉపన్యాసం రాశాను. పొయ్యికి చదివి వినిపిస్తే నలభై నిమిషాలు పట్టింది. డెల్ఫీన్ చెవిన మాత్రం పడనీయకు.

నీ అన్నయ్య
లైమన్ కోర్బిన్


లింకన్, నెబ్రాస్కా
జనవరి 29

అన్నయ్యా,

నలభై నిమిషాలా! పొయ్యి కాబట్టి లేచి వెళ్ళిపోలేదు.

నీకు కోపం వచ్చినా సరే, డెల్ఫీన్ చెప్పేదాంట్లో నాకు న్యాయం కనిపిస్తోంది. మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ఎవరు రాగలరు? నీలాంటి రిటైరైనవాళ్ళు, పొలం సొంతంగా ఉన్నవాళ్ళు. నేను ఆ ఊళ్ళోనే ఉండిపోయి ఇక్కడిలాగే బడి వంటగదిలో పనిచేసి ఉంటే, నీ సభ జరిగినన్ని ఏళ్ళూ నేను గరిటె పట్టుకుని పిల్లలకి వడ్డిస్తూ ఉండేదాన్ని. నువ్వు అక్కడ నిలబడి "మనమంతా కలిసి నిర్ణయించాం" అనేవాడివి. ఆ "మనం"లో నేనుండను అన్నయ్యా.

మా రాష్ట్రంలో చూడు. దేశం మొత్తంలో రెండు సభలు కాకుండా ఒకే చట్టసభ ఉన్నది మాకే. ఎన్నికల చీటీ మీద సభ్యుల పేరు పక్కన పార్టీ పేరు ఉండదు. ఏ బిల్లయినా సరే, మామూలు మనుషులకి వెళ్ళి మాట్లాడే అవకాశం ఇవ్వందే ముందుకి కదలదు. బడి భోజనాల బిల్లు వచ్చినప్పుడు నేను ఏప్రాన్ విప్పి బ్యాగులో కుక్కుకుని వెళ్ళాను, గుర్తుందా? మూడు నిమిషాలిచ్చారు. చిల్లీ మాంసం కూరతోపాటు దాల్చినచెక్క రోల్ పెట్టకపోతే పిల్లలు ఎందుకు తినరో చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు! మీ బావ ఇప్పటికీ "ఆ కమిటీలో మావాళ్ళెంతమంది?" అని అడుగుతాడు. చూడగానే చెప్పలేకపోయాను, అదే నాకు నచ్చింది.

చిల్లీలో తీపి రోల్ ముంచుకుతినడమేమిటని నువ్వు మళ్ళీ మొదలుపెట్టకు. మంచు మీద చక్కెరపాకం పోసుకుని, దాంతో ఊరగాయ దోసకాయ నంజుకునే ఊరివాడివి నువ్వు.

అన్నట్టు నా పుట్టినరోజుకి డెల్ఫీన్ ఫోన్ చేసింది. నేనేం చెప్పలేదులే. నీ ఉపన్యాసం కాస్త పొడుగ్గా ఉందన్నాను, అంతే.

హెస్టర్


హార్వెల్
ఫిబ్రవరి 9

చెల్లాయ్,

నీతో వాదన తర్వాత. ముందు ఈ కబురు విను, కుర్చీలో సరిగ్గా కూర్చుని విను.

మన సభని ఇన్నేళ్ళుగా నడుపుతున్న పెర్లీ స్టోవెల్, కోళ్ళకి మేత వేయడానికి వెళ్ళి ఐసు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ప్రాణానికేం భయం లేదు. ఆస్పత్రిలో నర్సుల మీద కూడా "ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి" అని అరుస్తున్నాడట. కానీ ఈ మార్చికి లేవలేడు. ఇప్పుడు సభకి మోడరేటర్ కావాలి.

నిన్న సాయంత్రం తలుపు చప్పుడైతే తీశాను. ఎదురుగా డెల్ఫీన్, చేతిలో వేడి ఆపిల్ పై, పక్కనే చెడ్డార్ చీజ్ ముక్క. "లోపలికి రమ్మంటావా, ఇక్కడే గడ్డకట్టుకుపోమంటావా?" అంది. కూర్చోబెట్టాను.

"చూడు లైమన్, ఊళ్ళో సభ నిబంధనలు కంఠతా వచ్చినవాడివి నువ్వొక్కడివే. ఏ పార్టీకీ చెందనివాడివి. నువ్వు మోడరేటర్ సుత్తి పట్టుకుంటే ఎవడూ నోరెత్తడు. నీ పేరు నేనే ప్రతిపాదిస్తాను. కాదనకు," అంది.

నేను వద్దన్నాను. "నాకంటే అర్హులున్నారు" అన్నాను. "ఎవరో చెప్పు" అంది. నాకూ ఎవరూ తోచలేదు. ఒప్పుకున్నాను. చెయ్యి కూడా కలిపాను.

చూశావా, ఇదే నేను చెప్పేది! తీర్మానం దగ్గర ఆమెకీ నాకూ నిప్పూ నీరూ. అయినా నా ఇంటికొచ్చి, నా మీద నమ్మకం ఉందని చెప్పింది. వాషింగ్టన్‌లో ఒక పార్టీ నాయకుడు అవతలివాడి ఇంటికి ఆపిల్ పై పట్టుకెళ్ళడం ఎప్పుడైనా విన్నావా? ఈ సంగతి ఉపన్యాసంలో కూడా కలుపుతున్నాను. ఇప్పుడది నలభై ఐదు అయింది.

నాన్న కోటు బయటికి తీసి ఎండేశాను. భుజాల దగ్గర బిగుతుగా ఉంది కానీ సరిపోతుంది.

ఉబ్బితబ్బిబ్బవుతున్న
లైమన్


లింకన్
ఫిబ్రవరి 17

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కళ్ళు చెమర్చాయి. నిన్ను ఇన్నేళ్ళూ మొండివాడివనుకున్నాను. క్షమించు.

నీకు ప్రాణంతో సమానమైన విషయం మీద, అంత కష్టపడి రాసిన ఉపన్యాసాన్ని ఊరికోసం వదులుకున్నావు. మోడరేటర్ అన్నవాడు అటూ ఇటూ ఎవరి పక్షానా ఒక్క మాట మాట్లాడకూడదని తెలిసి కూడా, ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. ఉపన్యాసంలో ఇంకో ఐదు నిమిషాలు కలిపానని నువ్వు వేళాకోళం ఆడటం చూస్తే ఇంకా ముచ్చటేసింది. దుఃఖాన్ని కూడా నవ్వులో దాచుకుంటున్నావు.

మీ బావకి చదివి వినిపించాను. టీవీలో వాషింగ్టన్ గోల చూస్తున్నవాడు ఇటు తిరిగి, "మీ అన్నయ్య నోరు మూసుకుంటాడా? ఆ సభకి టిక్కెట్టు పెట్టినా వెళ్ళొచ్చు" అన్నాడు.

గర్వంతో
హెస్టర్


హార్వెల్
ఫిబ్రవరి 23

హెస్టర్,

నీ ఉత్తరం పోస్టాఫీసులోనే విప్పి చదివాను. అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

నేనేం త్యాగం చేయలేదు. నాకసలు ఆ సంగతే తోచలేదు! నిబంధనలు కంఠతా వచ్చినవాణ్ణి నేను. మోడరేటర్ మాట్లాడకూడదని పెర్లీకి ముప్పై ఏళ్ళుగా గుర్తుచేస్తున్నవాణ్ణి నేను. ఒక్క ఆపిల్ పై ముక్కకి బుర్ర తాకట్టు పెట్టేశాను. ఆ డెల్ఫీన్ నన్ను మునగచెట్టెక్కించి, కింద నిచ్చెన లాగేసింది.

పొడుగ్గా ఉందన్నావటగా ఫోన్లో! అంతేనటగా! ఆ "అంతే"తోనే నా కొంప ముంచావు.

ఇప్పుడు మానేస్తానంటే మాట తప్పినవాణ్ణవుతాను. వెళ్తే రాయిలా కూర్చుని, నా సభని నా కళ్ళముందే పాతిపెట్టడం చూడాలి, పైగా దానికి సుత్తి కూడా నేనే కొట్టాలి.

నీతో మాట్లాడను.

లైమన్

తా.క. ఆపిల్ పై మాత్రం బాగుంది.


లింకన్
ఫిబ్రవరి 27

అన్నయ్యా,

నవ్వీ నవ్వీ పక్కటెముకలు పట్టేశాయి. మీ బావ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. ఆలోచన పూర్తిగా డెల్ఫీన్‌దే, ఒట్టు. నేను పొడుగ్గా ఉందన్నాక, పని ఉందని చటుక్కున ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు అర్థమవుతోంది ఎందుకో.

మాటిచ్చావు కాబట్టి వెళ్ళు. పుట్టిన దగ్గరనుంచి మాట్లాడుతూనే ఉన్నావు, ఒక్కరోజు విను. కోటు గుండీలు పెట్టుకోకు, ఊపిరాడదు.

హెస్టర్


హార్వెల్
మార్చి 4, బుధవారం

చెల్లాయ్,

అలక తీరింది. గొంతు కూడా బాగానే ఉంది, వాడలేదుగా. నిన్నటిదంతా వరసగా రాస్తాను.

హాలు నిండిపోయింది. నన్ను ఎన్నుకోవడానికి అర నిమిషం పట్టింది. డెల్ఫీన్ ప్రతిపాదించింది, జనం నవ్వుతూ "అవును" అన్నారు. ఆ నవ్వు చూస్తే ఊరంతటికీ తెలుసని అర్థమైంది. సరే, సుత్తి తీసుకున్నాను.

రోడ్ల ఖర్చు, బడి ఖర్చు అయ్యాయి. మట్టిరోడ్డు మీద కంకర గురించి ఎప్పట్లాగే యుద్ధం జరిగింది. నువ్వు చెప్పినట్టు విన్నాను. చాలా కష్టం హెస్టర్. మనుషులు తప్పుగా మాట్లాడుతుంటే సరిదిద్దకుండా కూర్చోవడం పంటినొప్పిలాంటిది. కానీ కొందరు మాట్లాడటం మొదటిసారి చూశాను. వెనక వరసల్లో వాళ్ళకి గొంతులున్నాయని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నేనే గ్యాపు ఇవ్వలేదనుకుంటా.

తర్వాత చీటీల తీర్మానం వచ్చింది. డెల్ఫీన్ లేచి, "మోడరేటరు గారూ" అంది, మర్యాదగా, కళ్ళతో మాత్రం నవ్వుతూ. ఆ నవ్వు కాసేపట్లో పోయింది. "మా కొలెట్‌ని చూడండి, ఆ గోడ పక్కన," అంది. డెల్ఫీన్ కూతురు కొలెట్, నీకు గుర్తుండకపోవచ్చు, ఆస్పత్రిలో నర్సు. "రాత్రంతా డ్యూటీ చేసి ఇటే వచ్చింది. పెర్లీ పక్కన కూర్చుని నీళ్ళు పట్టించి వచ్చింది. ఈ ఊరు బాగుండాలని దానికి లేదా? ఉంది. మనమేమో మంగళవారం పొద్దున్నే వచ్చి మేలుకుని కూర్చుంటేనే నువ్వు ఊరిదానివి అంటున్నాం." అంతే చెప్పి కూర్చుంది. నా నలభై ఐదు నిమిషాలు కోటు జేబులో బరువుగా ఉన్నాయి. వాటిల్లో ఆ మాటకి జవాబు ఎక్కడా లేదని అప్పుడు తెలిసింది.

మనవైపువాళ్ళు కూడా మాట్లాడారు, పేలవంగా. నేను లేస్తానన్న ధీమాతో ఎవరూ ఏమీ సిద్ధం చేసుకు రాలేదు.

నోటితోనే ఓటు అడిగాను. "అవును" అన్న అరుపు ఒకటి, "కాదు" అన్న అరుపు ఒకటి. నా చెవికి "అవును" వెంట్రుకవాసి ఎక్కువగా వినిపించింది. మళ్ళీ అడగొచ్చు, చెవి సరిగా లేదనొచ్చు. కానీ విన్నది విన్నాను. "తీర్మానం గెలిచింది" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

ఇక్కడో నిబంధన ఉంది. ఓటు తేలిన వెంటనే ఎవరైనా లేచి "నాకు అనుమానంగా ఉంది" అంటే, అందర్నీ నిలబెట్టి లెక్కపెట్టాలి. ఈ ఊళ్ళో అలా లేచేవాడు ఎప్పుడూ ఒక్కడే. అది నేనే. మనవాళ్ళంతా అలవాటుకొద్దీ నా కుర్చీ వైపే చూస్తున్నారు, లైమన్ లేస్తాడని. లైమన్ సుత్తి పట్టుకుని వాళ్ళని చూస్తున్నాడు. నిబంధన గుర్తుచేయడానికి కూడా నాకు వీల్లేదు.

అప్పుడు లేచింది డెల్ఫీన్. "నాకు అనుమానంగా ఉంది," అంది.

గెలిచిన మనిషి లేచి, నా గెలుపు మీద నాకే అనుమానంగా ఉంది, లెక్కపెట్టండి అంటోంది!

సరే, "అవును" అనేవాళ్ళు నిలబడండి అన్నాను. నిలబడ్డారు. నేను వేదిక మీద ఉన్నాను కాబట్టి గోడవార నాకొక్కడికే కనిపించింది. కొలెట్ నోరు కొద్దిగా తెరిచి, తల గోడకి ఆనించి గాఢనిద్రలో ఉంది. డెల్ఫీన్ ముందు వరసలో ఉంది, వెనక్కి చూడలేదు. ఇంకెవరికీ పట్టలేదు. నేను లెక్క మొదలుపెట్టేస్తే చాలు. ఏ నిబంధనా నిద్రపోతున్నవాళ్ళని లేపమని చెప్పదు. నాకు తెలుసు, కంఠతా వచ్చు.

ఆ క్షణంలో నా మనసు ఎటు లాగిందో నీకు తప్ప ఎవరికీ చెప్పను. లాగింది హెస్టర్. గట్టిగానే లాగింది.

సుత్తి ఎత్తి బల్ల మీద ఒక్కటేశాను. మంచినీళ్ళ గ్లాసు ఎగిరి కింద పడింది. కొలెట్ ఉలిక్కిపడి లేచి నిలబడి, "ఏ గది? ఎవరు పిలిచారు?" అంది. హాలు హాలంతా పగలబడి నవ్వింది. "ఊరు పిలిచిందమ్మా. ఆస్ట్రేలియా బ్యాలెట్ కావాలంటే నిలబడు, వద్దంటే కూర్చో," అన్నాను. కళ్ళు నులుముకుని అలాగే నిలబడింది.

తీర్మానం ఒక్క ఓటుతో గెలిచింది. ఆ ఒక్కటీ ఎవరిదో ఊరంతటికీ తెలుసు.

భోజనాల దగ్గర బీన్సు గిన్నె నాకు డెల్ఫీనే అందించింది. "ఎందుకు లేచావు?" అన్నాను. "అరుపుల్లో నాకూ సరిగ్గా తేలలేదయ్యా. అలా గెలిస్తే రేపు పోస్టాఫీసులో నీ మొహం ఎలా చూడను?" అంది. తర్వాత గరిటె ఊపుతూ, "నువ్వెందుకు లేపావు మా పిల్లని?" అంది. ఇంకొంచెం బీన్సు వెయ్యమన్నాను.

సభ పోయింది హెస్టర్. మన సభ. రాత్రి నాన్న కోటు మడతపెడుతుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. కానీ సిగ్గుగా మాత్రం లేదు. నేను మాట్లాడి గెలిచిన ఏ ఏడాదీ ఇంత బాగా నిద్రపట్టలేదు.

లైమన్


లింకన్
మార్చి 11

అన్నయ్యా,

నీ ఉత్తరం మీ బావకి పైకి చదివాను. సగంలో లేచి టీవీ కట్టేశాడు. ఈ ఇంట్లో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ మ్యాచి మధ్యలో కరెంటు పోతే తప్ప అది ఆగదు. అంతా విని, "ఆ డెల్ఫీన్‌ది ఏ పార్టీ?" అన్నాడు. తెలియదన్నాను. "మీ అన్నయ్యకి?" అన్నాడు. అన్నయ్యకీ తెలిసి ఉండదన్నాను. "అరవై ఏళ్ళ పరిచయంలో అడగలేదా!" అని, టీవీ మళ్ళీ పెట్టకుండానే పడుకున్నాడు. పొద్దున్న కాఫీ తాగుతూ, "నేనైతే ఆ పిల్లని లేపేవాణ్ణి కాదు," అన్నాడు. మీ బావ నోటినుంచి అలాంటి మాట ఈ జన్మలో వింటాననుకోలేదు.

నేను డెల్ఫీన్ వైపే ఉన్నాను, ఇప్పుడూ అటే. కానీ నీ సభ పోయినందుకు నాకూ ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో నాకు తెలియదు, కుదిరాయి.

ఉపన్యాసం పారేయకు.

నీ
హెస్టర్


హార్వెల్
1999 ఫిబ్రవరి 28, ఆదివారం

చెల్లాయ్,

ఎల్లుండే ఎన్నిక, చీటీలతో. కానీ అసలు సంగతి నిన్న శనివారం జరిగింది.

చీటీల ఓటుకి ముందు, ఊరివాళ్ళందరికీ విషయం వివరించడానికి ఒక సమావేశం పెట్టాలని చట్టంలోనే ఉంది. ఓటు ఉండదు, మాటలే. దాన్ని శనివారం పెడదామని, భోజనాలు కూడా ఉండాలని డెల్ఫీన్ పట్టుబట్టింది. నడిపేవాళ్ళు కావాలన్నారు. నేను ఒక ఆపిల్ పై పట్టుకుని ఆమె ఇంటికెళ్ళాను. పై నా చేత్తో చేసిందే, అడుగు మాడింది. "నీకంటే అర్హులెవరో చెప్పు" అన్నాను. ఆమె నా మొహం చూసి, ఆ మాడిన పై చూసి, "నా నోరు కట్టేయడానికి వచ్చావు కదూ, దొంగవెధవా!" అంది. ఒప్పుకుంది.

హాల్లో నిలబడటానికి చోటు లేదు. ఎప్పుడూ రానివాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. పెర్లీ కర్రతో వచ్చి ముందు వరసలో కూర్చుని డెల్ఫీన్‌ని రెండుసార్లు సరిదిద్దాడు. చివర్లో ఆమె సుత్తి కొట్టి, "లైమన్ కోర్బిన్ ఏడాదినుంచి ఏదో చెప్పాలని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. ఊరు వింటుంది," అంది. నా నోరు కట్టిన మనిషే విప్పింది.

లేచాను. నాన్న కోటులోంచి కాగితాలు తీశాను. అందరూ సర్దుకుని కూర్చున్నారు. కళ్ళజోడు పెట్టుకుని తలెత్తితే, ఎదురుగా కొలెట్. రాత్రి డ్యూటీ దిగి వచ్చినట్టుంది, తన చంటిబిడ్డ ఒళ్ళో, ఇద్దరూ గోడకి ఆనుకుని నిద్రపోతున్నారు.

మొదటి వాక్యం గట్టిగా చదవాల్సింది. అలాగని కాగితం అంచున రాసుకున్నాను.

కాగితాలు మడిచి జేబులో పెట్టేశాను. "ఈరోజు ఓటు లేదు కదా, నిద్రపోనివ్వండి," అని గొంతు తగ్గించి చెప్పి, చప్పుడు కాకుండా వంటల బల్ల వైపు నడిచాను. డెల్ఫీన్ సుత్తి బల్ల మీద మెల్లిగా పెట్టేసింది. ఊరు ఊరంతా బూట్లు చప్పుడు కాకుండా, అడుగులో అడుగేసుకుంటూ నా వెనకే వచ్చింది.

బీన్సు చాలా బాగున్నాయి. కొలెట్‌కి వేరే గిన్నెలో తీసి మూతపెట్టాం.

నీ అన్నయ్య
లైమన్